గోడ నుంచి రెండో వరుస

మదనపల్లె టమోటా మార్కెట్టులో నాగమ్మ ముప్పై ఏళ్ళు కాయలు ఏరింది. గట్టి కాయ ఒక క్రేటులోకి, మెత్తబడింది ఇంకో క్రేటులోకి, పగిలింది కుప్పలోకి. మిగిలినవాళ్ళు కంటితో చూసి ఏరేవాళ్ళు. ఆమెకు వేళ్ళతోనే తెలిసేది. పక్కన ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే వాళ్ళ క్రేట్లు కూడా తనే నింపి, ఆ సంగతి మళ్ళీ ఎత్తేది కాదు. అందుకని ఆమె పక్కన చోటు కోసం ఆడవాళ్ళు పోటీ పడేవాళ్ళు.

"నీకు పరలోకంలో మిద్దె కట్టిపెట్టింటారు నాగమ్మా," అనేది తోటి కూలి బయ్యమ్మ. "దాని పక్కన నాకొక రేకుల కొట్టమన్నా అడుగు."

"ముందు నన్ను గేటు దాటనిస్తే కదా," అనేది నాగమ్మ.

బయ్యమ్మ పగలబడి నవ్వేది. నాగమ్మ నవ్వకుండా ఆ మాట అన్నదని గమనించేది కాదు.

నాగమ్మ పోయే చర్చి చిన్నది. ప్రతి నెలా మొదటి ఆదివారం అక్కడ ప్రభు భోజనం ఉంటుంది. దానికి రొట్టె చేసేది ఆమే. శనివారం సాయంత్రం పాస్టరు గారి ఇంట్లో గోధుమపిండి జల్లించి, ఉప్పూ నూనే లేకుండా ఉత్త నీళ్ళతో కలిపి, పలుచగా వత్తి, మాడు మచ్చ పడకుండా కాల్చేది. చల్లారాక చిన్న చదరాలుగా కోసి తెల్లగుడ్డలో చుట్టేది. ఎండుద్రాక్ష ఉడికించి రసం తీసేదీ ఆమే. మరునాడు అందరూ వరుసగా ముందుకు పోయి మోకరించి రొట్టె, రసం తీసుకునేటప్పుడు ఆమె మాత్రం వెనక చాప మీద, కొంగు నెత్తిన కప్పుకుని తలవంచుకుని కూర్చునేది. పాతికేళ్ళలో ఒక్కసారి కూడా లేచి ముందుకు పోలేదు. చర్చిలో పాతవాళ్ళకు అది అలవాటైపోయింది. కొత్తవాళ్ళు, ఏదో ఏర్పాట్లు చూసే మనిషిలే అనుకునేవాళ్ళు.

మూడేళ్ళ కిందట వచ్చిన పాస్టరు దేవరాజులుకు మాత్రం అలవాటు కాలేదు. ఆమె బాప్తిస్మం తీసుకోలేదేమో అనుకున్నాడు. తీసుకుందని రిజిస్టరులో ఉంది.

"రొట్టె యాల తీసుకోవమ్మా?" అని ఒకరోజు అడిగాడు.

"నా పని ఇంకా అయిపోలేదు అయ్యగారూ," అని ఆమె చీపురు తీసుకుని వరండాలోకి పోయింది. ఇంకోసారి అడిగినప్పుడూ అంతే.

ఆ పని ఏమిటో కూతురు దీపికకు కూడా ఆమె చాలాకాలం చెప్పలేదు.

నాగమ్మ పుట్టిన నాలుగేళ్ళకు ఆమె తండ్రి క్రైస్తవుడయ్యాడు. అందుకే ఆమె నాగమ్మ, ఆ తర్వాత పుట్టిన చెల్లెలు సలోమి. తల్లిదండ్రులు పోయాక వాళ్ళకు మిగిలింది వాళ్ళిద్దరే. నాగమ్మ పెళ్ళయి మదనపల్లె వచ్చింది. సలోమి పుంగనూరులో చిన్న గది తీసుకుని కుట్టుమిషను మీద బతికింది. పెళ్ళి మాట ఎత్తితే పెద్దగా నవ్వేది. ఆమె పైపళ్ళ మధ్య సందు ఉండేది. నవ్వితే అదే ముందు కనబడేది.

ఇరవై నాలుగేళ్ళకు ఆమెకు దగ్గు పట్టుకుంది. దగ్గులో రక్తం పడ్డాక గానీ డాక్టరు దగ్గరికి పోలేదు. కుప్పం శివార్లలోని క్షయ ఆసుపత్రిలో చేరమన్నారు. బస్సెక్కించడానికి నాగమ్మ పుంగనూరు వచ్చింది. చంకలో అయిదు నెలల దీపిక. చెల్లెలు బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. నాగమ్మ కింద నిలబడి, ఒక చేత్తో బిడ్డను అదిమి పట్టుకుని, ఇంకో చెయ్యి సాధ్యమైనంత చాచి సంచి అందించింది. సంచి చెయ్యి దాటగానే కొంగు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఆదివారం వస్తావా అక్కా?" అని అడిగింది సలోమి.

"వస్తా."

పోలేదు. ఆ ఆదివారమే కాదు, ఏ ఆదివారమూ పోలేదు. చెల్లెలి దగ్గర నుంచి రెండు కార్డులు వచ్చాయి. పాలు తాగే బిడ్డ ఉందని మొగుడితో చెప్పింది, చర్చిలో చెప్పింది. బిడ్డను పక్కింట్లో వదిలి మార్కెట్టుకు పోతూనే ఉంది. భయం బిడ్డ గురించి కాదు, తన గురించి. అది ఆమెకు తెలుసు. నాలుగు నెలలకు ఆసుపత్రి ఆయా ఒకామె ఏదో పని మీద మదనపల్లె వచ్చి, సలోమి బట్టల మూట ఇచ్చి, పూడ్చేశారని చెప్పింది.

"ఎప్పుడన్నా పోతే, గోడ నుంచి రెండో వరుస, అందులో నాలుగోది," అంది.

నాగమ్మ ఆ మూట విప్పకుండానే కాల్చేసింది.

మరి రెండేళ్ళకు గానీ ఆమెకు కుప్పం పోయే ధైర్యం రాలేదు. నవంబరు రెండో తారీకు, సమాధుల పండుగ నాడు పోయింది. గోడ నుంచి రెండో వరుసలో నాలుగో దిమ్మె వెతుక్కుని, చుట్టూ గడ్డి చెక్కి, సున్నం కొట్టి వచ్చింది. అప్పటి నుంచి ప్రతి ఏడూ పోయింది. పుంగనూరు బస్టాండులో బస్సు పది నిమిషాలు ఆగేది. అందరూ టీకి దిగేవాళ్ళు. ఆమె కిటికీ రెక్క వేసుకుని ఒళ్ళో ఉన్న సున్నం సంచి వైపు చూస్తూ కూర్చునేది. మరుసటి ఏడు పోయేసరికి వానలకు సున్నం రాలిపోయి ఇటుక బయటపడేది. దాన్ని ఆమె జవాబు అనుకుంది. ఇంకా చాలలేదు, అనుకుంది.

చాలలేదనుకున్న ప్రతిసారీ పని ఒకటి చేర్చుకుంది. చర్చి ఊడవడం అట్లా మొదలైంది. రొట్టె అట్లా మొదలైంది. బుధవారాలు సర్కారు ఆసుపత్రికి రాగి గంజి తీసుకుపోయి, దగ్గే రోగుల పక్కన కూర్చుని తాగించేది. ముక్కుకు కొంగు ఎప్పుడూ పెట్టుకోలేదు.

పోయిన అక్టోబరు చివర మార్కెట్టులో మెత్తటి కాయ తొక్కి జారిపడింది. తొడ ఎముక విరిగింది. లోపల రాడ్డు వేసి, మూడు నెలలు మంచం దిగకూడదన్నారు. నవంబరు రెండో తారీకు మంచం మీదే గడిచింది. గంజి ఆగిపోయింది. రొట్టె పాస్టరు భార్య చేసింది. బయ్యమ్మ రోజూ మార్కెట్టు నుంచి నేరుగా వచ్చి, నాగమ్మకు ఒళ్ళు తుడిచి, తల దువ్వి, సంగటి తెచ్చి పెట్టేది.

"నాకు యాల చేస్తాండావే ఇదంతా? నేనేం చేసినానని?" అంది నాగమ్మ ఒకరోజు, గిన్నె పక్కకు తోసి.

"ఏం సెయ్యలే. నోరు మూసుకొని తిను," అంది బయ్యమ్మ.

తిన్నది. కానీ తీసుకునే పని ఆమెకు చేతకాలేదు. ఎవరు ఏం తెచ్చినా గోడ వైపు తిరిగేది. ఈ ఏడు కుప్పం పోలేదన్న మాటే ఆమె నోట పదేపదే వచ్చేది.

"ఒక ఏడు పోకుంటే ఏమయితాదమ్మా?" అని దీపిక విసుక్కుంది.

అప్పుడు చెప్పింది. బస్సు సంగతి, ముక్కుకు కొంగు సంగతి, కార్డుల సంగతి, మూట సంగతి. దీపికకు ఇరవై తొమ్మిదేళ్ళు. తను చంకలో ఉండగా జరిగిన కథను మొదటిసారి విన్నది. విని, తల్లి కాళ్ళ దగ్గర దుప్పటి సర్ది, "నడిసేదానికి వచ్చినాక నేనే పిల్సకపోతా," అంది.

చేతికర్రతో నడక వచ్చేసరికి ఎండలు ముదిరాయి. దీపిక పనిచేసే బట్టల దుకాణం యజమాని వజీర్ సాయిబు, రంజాన్ పండుగ మరునాడు కూడా దుకాణం తియ్యలేదు. ఆ రోజు తల్లీకూతుళ్ళు సున్నం పొట్లం, కుంచె, బకెట్టు తీసుకుని కుప్పం బస్సెక్కారు.

ఆసుపత్రి మూతపడి చాలా ఏళ్ళయింది. వెనకాల సమాధుల స్థలానికి మాత్రం గోడా, ఇనుప గేటూ ఉన్నాయి. దిక్కులేకుండా పోయిన రోగులు కాబట్టి చాలావాటి మీద పేర్లు లేవు. ఇటుక పేర్చి పైన సిమెంటు పూసిన దిమ్మెలు, అంతే. నాగమ్మ రెండో వరుసలోకి నడిచి నాలుగో దిమ్మె దగ్గర నిలబడింది. దీపిక నీళ్ళ కోసం బోరింగు దగ్గరికి పోయింది.

మొదటి వరుసలో ఒకామె కూర్చుని ఉంది. యాభై ఏళ్ళుంటాయి. నల్ల బురఖా, ముఖం మీది గుడ్డ వెనక్కి వేసుకుని, ఒక దిమ్మె చుట్టూ గడ్డి పీకుతోంది. దానికి ఎప్పుడూ సున్నం కొట్టిన గుర్తు లేదు. తలవైపు కనకాంబరం పొద ఒకటి నిండుగా పూసి ఉంది.

"సూసి కూర్సో అక్కా, ఆడ రాళ్ళుండాయి," అందామె. "కాలికేమయింది?"

"మార్కెట్లో జారి పడినా. టమోటా తొక్కి."

"మదనపల్లెనా?"

"ఊఁ."

"మదనపల్లెవాళ్ళు టమోటా మీద జారి పడితే ఎట్లక్కా," అని ఆమె నవ్వింది. "నా పేరు షంషున్నీసా. ఈడే, కుప్పంలోనే ఉంటా. అది మీవాళ్ళదా?"

"మా చెల్లెలు. ఈ ఆసుపత్రిలోనే పోయింది. సలోమి."

గడ్డి పీకే చెయ్యి ఆగింది.

"ఏ సలోమి?"

"పుంగనూరు. మిషను కుడతా ఉండె."

"పండ్ల మధ్యన సందు," అంది షంషున్నీసా. "పెద్దగా నవ్వుతాది."

నాగమ్మ చేతికర్రను రెండు చేతులతో పట్టుకుంది. షంషున్నీసా తన ముందున్న దిమ్మె మీద అరచెయ్యి ఆనించింది.

"సలోమి ఈడుండాదక్కా."

"కాదు. గోడ నుంచి రెండో వరుస. నాలుగోది. ఆయా చెప్పింది."

"రెండో వరుసే. అప్పుడు గోడ ఆడుండె." ఆమె గేటు అవతల తారు రోడ్డు చూపించింది. "సలోమి పోయిన మరుసటేడు రోడ్డు వెడల్పు చేసినారు. గోడ ఇట్ల లోపలికి జరిపినారు. మొదటి వరుసలో వాళ్ళను తీసి అదో, ఆ మూలకు పెట్టినారు. అప్పుడు రెండో వరుస మొదటిదయిపోయింది."

నాగమ్మ మొదటిసారి వచ్చేసరికే కొత్త గోడ నిలబడి ఉంది. ఆమె ఎవరినీ అడగలేదు. అడిగితే, ఇన్నాళ్ళూ యాడుండావు అంటారని అడగలేదు. ఆ తర్వాత ఏ ఏడూ అడగలేదు.

"మరి ఇది ఎవరిది?" అంది, తను సున్నం కొడుతూ వచ్చిన దిమ్మెను చూస్తూ.

"తెలీదక్కా."

దీపిక బకెట్టుతో వచ్చేసరికి తల్లి నేల మీద కూర్చుని ఉంది. ఎట్లా కూర్చుందో, ఆ కాలితో. "ఇరవై ఆరేండ్లు," అని తనలో తనే అనుకుంటోంది. "దానికి ఒక్క ఏడు గూడా సెయ్యలే."

షంషున్నీసా లేచి వచ్చి ఆమె పక్కన కూర్చుంది. నాగమ్మ అడిగింది: "అది పోయేటప్పుడు నువ్వు ఉండావా?"

"పక్క మంచం నాది."

"నేను రాలే."

"తెలుసు."

"వస్తానని చెప్పి రాలే."

"తెలుసక్కా. మూడు ఆదివారాలు తల దువ్వుకొని గేటు కాడ కూర్సునింది. నాలుగో ఆదివారం పోలే. ఈరోజు యాల పోలేదంటే చెప్పింది."

"ఏం చెప్పింది?"

షంషున్నీసా జ్ఞాపకం చేసుకోవాల్సిన అవసరం లేకుండానే చెప్పింది. "'మా అక్క రాదు. దానికి చిన్నప్పటి నుంచీ అన్నిటికీ భయమే. ఇప్పుడు నన్ను సూస్తే భయం. బస్సు కాడ ముక్కుకు కొంగు పెట్టుకొనింది, నేను సూసినా. అయినా దాని మీద నాకేం కోపం లేదు. ఎప్పుడన్నా వస్తే ఈ మాట చెప్పు షంషూ,' అనింది. మీ పేరు చెప్పలే. ఎప్పుడూ అక్క అనే. నేను యాడని వెతికేది?"

నాగమ్మ చాలాసేపు ఏడ్చింది. షంషున్నీసా ఆమెను ఊరుకోబెట్టలేదు. దీపిక బకెట్టు పక్కన పెట్టి అటు తిరిగి నిలబడింది.

"నువ్వు ప్రతి ఏడూ వస్తాండావా?" అని అడిగింది నాగమ్మ చివరికి.

"పండగ మరుసటి రోజు వస్తా. అప్పుడు నాకు చెయ్యి లేసేది కాదక్కా. సలోమే అన్నం కలిపి నోట్లో పెట్టేది. ఆమె పోయింది, నేను ఉండా. ఇప్పుడు ముగ్గురు మనవళ్ళు."

"దానికోసమా?"

"దానికోసమని కాదు. ఆమె అడగలే, నేను మాటియ్యలే. ఈడికి రాకుంటే పండగ అయినట్టుండదు నాకు."

దీపిక సున్నం కలిపి కుంచె ముంచింది. "పిన్నమ్మకు కొట్టేదా అమ్మా?" అని మొదటి వరుస వైపు అడుగు వేసింది.

నాగమ్మ కనకాంబరం పొద వైపు చూసింది. "వద్దు. దానికి పూలుండాయి. దీనికి కొట్టు," అని తన పక్కనున్న దిమ్మె చూపించింది.

"అది ఎవరిదో కదా?"

"ఎవరిదయితే ఏం. దీనికి ఎవరూ లేనట్టుండాది."

దీపిక కొడుతుంటే అంచుల దగ్గర నాగమ్మే కుంచె తీసుకుని సరిచేసింది. ఆ సున్నం వానకు నిలుస్తుందా లేదా అన్న ఆలోచన ఆమెకు రాలేదు. రాలేదన్న సంగతి బస్సు ఎక్కాక గుర్తొచ్చింది.

పుంగనూరులో బస్సు ఆగింది. "దిగుదాం పట్టుకో," అంది కూతురితో. బస్టాండులో ఒక కొట్టు ముందు నిలబడి ఇద్దరూ టీ తాగారు. టీ బాగుందని నాగమ్మ రెండుసార్లు అంది. దీపికకు మామూలు టీ లాగే తోచింది.

ఆ వచ్చే ఆదివారమే నెలలో మొదటిది. శనివారం సాయంత్రం నాగమ్మ కర్ర పట్టుకుని పాస్టరు గారింటికి పోయింది. కింద కూర్చోవడం కుదరదు కాబట్టి స్టూలు మీద కూర్చుని పిండి జల్లించింది. దేవరాజులు యోగక్షేమాలు అడగడానికి వంటింటి గడప దగ్గరికి వచ్చాడు.

"ఇరవై ఆరేండ్లు ఎవరిదో సమాధికి సున్నం కొట్టినా అయ్యగారూ," అంది ఆమె తల ఎత్తకుండా. తర్వాత అంతా చెప్పింది. మూట కాల్చిన సంగతి కూడా దాచలేదు.

ఆయన గడప మీద కూర్చుని విన్నాడు. "సలోమి కోపం లేదనింది ఎప్పుడమ్మా?"

"పోకముందు."

"నువ్వు మొదటిసారి సున్నం కొట్టింది?"

"దాని తర్వాత రెండేండ్లకు."

"మరి ఆ మాట నిజమేనని నీకెట్ల తెలుసు? సలోమి నీకు చెప్పలే కదా. ఎవరో చెప్పినారు."

"ఎవరో కాదు, పక్క మంచం." ఆమె చేతులు జల్లెడ మీద ఆగాయి. "ముక్కుకు కొంగు పెట్టుకొన్నది నేను దీపికకు తప్ప ఎవరికీ చెప్పలే. అది తెలిసిన మనిషి అబద్ధం యాల చెప్తాది? నమ్మినా."

"నమ్మి ఏం చేసినావు?"

"ఏం చేసేదుంది? ఏడ్చినా. వస్తా వస్తా టీ తాగినా."

దేవరాజులు నవ్వాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు: "మూడేండ్ల నుంచి నేను ఆడ నిలబడి చెప్తాండేది ఇదే కదమ్మా. నీ సంగతంతా తెలిసే ప్రభువు నీ కోసం సిలువ మీద ప్రాణం పెట్టినాడు. నువ్వు పుట్టకముందే అయిపోయింది ఆ పని. నువ్వు సేసి సంపాదించేది ఏం లేదు. నమ్మి తీసుకునేదే. తర్వాత గంజి పొయ్యి, సున్నం కొట్టు, ఎవరు వద్దన్నారు? కానీ పరలోకం గేటు తెరిసింది వాటితో కాదు."

"మీరు చెప్తే ఇనినా అయ్యగారూ. ఆమెన్ అని గూడా అనినా. అది మిగిలినోళ్ళకు అనుకున్నా."

ఆయన లేచి నీళ్ళ చెంబు ఆమె వైపు జరిపాడు. ఆమె పిండిలో నీళ్ళు పోసుకుంది.

ఆదివారం ప్రార్థన అయ్యాక వరుసలు కదిలాయి. నాగమ్మ వెనక కుర్చీలో కూర్చుని ఉంది; చాప మీద కూర్చోవద్దని డాక్టరు చెప్పాడు. అందరూ పోయి వచ్చారు. చివరి వరుస లేచినప్పుడు ఆమె కర్ర ఆనించి లేచింది. పక్కన ఉన్న దీపిక పట్టుకోబోతే చెయ్యి వద్దని ఊపింది. పోయే దారిలో ఎవరో కాళ్ళు దగ్గరికి తీసుకున్నారు. పాతవాళ్ళు పాట ఆపి చూశారు, మళ్ళీ అందుకున్నారు.

మోకరించలేకపోయింది. నిలబడే చేతులు చాచింది, ఒక అరచేతి మీద ఇంకో అరచెయ్యి పెట్టి. వేళ్ళ సందుల్లో టమోటా మరక ఇన్ని నెలలైనా పూర్తిగా వదల్లేదు. పాస్టరు రొట్టె ముక్క ఆ చేతిలో పెట్టాడు. చెప్పాల్సిన మాట చెప్పాడు. ఆమె ముక్క నోట్లో వేసుకుంది. రసం తాగి, గిన్నె తిరిగి ఇచ్చి, "స్తోత్రం ప్రభువా," అని మెల్లగా అంది. కర్ర పట్టుకుని తన కుర్చీ దాకా నడిచి వచ్చింది.

ఆరాధన ముగిశాక పాస్టరు భార్య ఆమె దగ్గరికి వచ్చి రెండు చేతులూ పట్టుకుంది.

"అమ్మగారూ," అంది నాగమ్మ. "పాతికేండ్లు చేసినా గానీ నా రొట్టె నేను ఎప్పుడూ తినలే. మరీ పలసగా చేస్తాండానే. నోట్లో పెట్టుకుంటే ఏం తెలీకుండా పోతాది. మీరన్నా చెప్పొద్దా?"

"ఎవరూ ఏం అనలేదమ్మా ఇన్నాళ్ళూ."

"వచ్చే నెల కొంచెం మందంగా చేస్తా," అంది నాగమ్మ.